గొలుసు ఎవరి చేతిలో?

2025 మే నెలలో తెలంగాణ సర్వే, భూరికార్డుల శాఖ లైసెన్సుడు సర్వేయర్ల శిక్షణ కోసం దరఖాస్తులు పిలిచింది. ఇంటర్మీడియట్‌లో గణితం ఒక సబ్జెక్టుగా ఉండి కనీసం 60 శాతం మార్కులతో పాసైనవాళ్ళు, లేదా ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు, సివిల్ డిప్లొమా, సివిల్ బీటెక్ వంటివి చదివినవాళ్ళు అర్హులని చెప్పింది. జిల్లా కేంద్రంలో 50 పనిదినాల శిక్షణ, పరీక్ష, ఆపైన అనుభవమున్న సర్వేయర్ వెంట కొన్నాళ్ళు పొలాల్లో తిరిగి పని నేర్చుకోవడం. శిక్షణ ఫీజు ఓసీలకు 10,000, బీసీలకు 5,000, ఎస్సీ ఎస్టీలకు 2,500 రూపాయలు. ఆ ఏడాది అక్టోబరులో మూడు వేల మందికి పైగా లైసెన్సులు అందుకున్నారు.

పత్రికల్లో ఇది ఉద్యోగావకాశాల పేజీలో కనిపించే వార్త. స్త్రీల చరిత్రతో దీనికేం సంబంధం అనిపించవచ్చు. కానీ స్త్రీల భూమి హక్కు గురించి గత నాలుగు దశాబ్దాలుగా మనం చేస్తున్న చర్చలో ఒక ఖాళీ ఉంది. చట్టం గురించి మాట్లాడాం. వారసత్వం గురించి, పట్టాలో పేరు గురించి మాట్లాడాం. ఆ భూమిని కొలిచే మనిషి గురించి పెద్దగా మాట్లాడలేదు. కొలిచే అర్హత ఎవరికి ఉండాలో ఎవరు నిర్ణయించారు, ఆ అర్హత కాలాన్నిబట్టి ఎట్లా మారుతూ వచ్చింది, మారిన ప్రతిసారీ ఆడవాళ్ళు ఎక్కడ మిగిలారు అన్నది పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం నుంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్ళయినవాళ్ళకూ దాన్ని వర్తింపజేసింది. తండ్రి ఆనాటికి బతికున్నాడా లేదా అన్న మెలికను 2020లో సుప్రీంకోర్టు తీసేసింది. అంతా బాగుంది. నాలుగెకరాల్లో అక్కకు, తమ్ముడికి చెరి సగమని కాగితం చెబుతుంది. కానీ చెరువు కింది తరి ఎవరికి? గుట్టవారనున్న చెలక ఎవరికి? బావి ఎవరి పక్క పడుతుంది? బండిబాట ఎవరి భాగంలోంచి పోతుంది? సబ్ డివిజన్ చేసి, హద్దురాళ్ళు పాతి, పటం గీసి చేతికిచ్చే దాకా ఆమె వాటా ఒక అంకె. అంకెలో నాటు వేయలేం. హక్కు నేల మీదికి దిగేది కొలత జరిగిన రోజే. ఆ రోజు గొలుసు పట్టుకున్న మనిషి ఎవరు, ఎవరికి జవాబుదారీ అన్నది అందుకే స్త్రీల ప్రశ్న అవుతుంది.

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంతో ఈ ప్రశ్న ఇంకా ముందుకొచ్చింది. రిజిస్ట్రేషను వేళ భూమి పటం జతచేయాలన్న నిబంధన ఆ చట్టంలో ఉంది. ఇన్ని పటాలు గీయడానికి ప్రభుత్వ సర్వేయర్లు చాలరు కాబట్టే లైసెన్సుల మార్గం.

పుట్టుకే అర్హతైన కాలం

1905 దాకా కరీంనగర్‌ను ఎలగందుల జిల్లా అనేవాళ్ళు, ఆదిలాబాద్ ప్రాంతాన్ని సిర్పూర్-తాండూర్ అనేవాళ్ళు. 19వ శతాబ్దం చివరి భాగంలో నిజాం ప్రభుత్వం పక్కనున్న బొంబాయి రాష్ట్రం పద్ధతిలో సర్వే, బందోబస్తు మొదలుపెట్టింది. కొలత గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు పక్కలా ఆ గొలుసంత ఉన్న చదరం 121 చదరపు గజాలు, అదే గుంట. అట్లాంటివి 40 అయితే ఎకరం. మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న కోస్తాలో ఎకరాన్ని 100 సెంట్లుగా విభజించారు. ఇవాళ్టికీ జగిత్యాల రైతు గుంటల్లోనూ, గుంటూరు రైతు సెంట్లలోనూ మాట్లాడడం వెనక ఉన్నది ఈ చరిత్రే.

ఆ సర్వేలో పుట్టిన కాగితాలే సేత్వార్, టిప్పన్, వసూల్‌బాకీ వంటివి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు సేత్వార్‌లో ఉంటాయి. టిప్పన్ అంటే పొలంలో నిలబడి గీసిన కొలతల చిత్తుపటం. ఇప్పటికీ గెట్టు పంచాయితీ వస్తే చివరికి వెతికేది ఆ పాత టిప్పనే. ఇవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి. తెలుగు, మరాఠీ, గోండి మాట్లాడే జనం భూముల లెక్క వాళ్ళు చదవలేని లిపిలో ఉండిపోయింది. మగవాళ్ళకే అక్షరం అందని ఊళ్ళో ఆడవాళ్ళకు అది రెండు తలుపుల అవతలి మాట.

ఆ కాగితాలకు ఊళ్ళో యజమాని పట్వారీ. పట్వారీగిరీకి పరీక్ష కన్నా ముందు కావలసింది వతను కలిగిన ఇంట్లో పుట్టడం. వతను స్త్రీ పేరుకు వచ్చిన సందర్భాలూ ఉండేవి. అప్పుడు గుమాస్తాను పెట్టుకోవడం ఆచారం. వతను ఆమెది, కలం ఇంకొకరిది. అంటే పై కులాల ఇళ్ళలో కూడా భూమి లెక్క రాసే అధికారం స్త్రీకి చేరలేదు, ఆమె పేరు మీదుగా ఒక మగవాడి నుంచి ఇంకో మగవాడికి పోయింది.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఈ రికార్డుల భాష తనంతట తానే ఎన్నో చెబుతుంది. మగవాడి పేరు పక్కన వల్ద్, అంటే ఫలానావాడి కొడుకు. ఆడమనిషి పేరు పక్కన జౌజే, అంటే ఫలానావాడి భార్య. భర్త పోతే బేవా. మగవాడి గుర్తింపు పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకటే. లచ్చవ్వ, రాజవ్వల గుర్తింపు తండ్రి నుంచి భర్తకు, భర్త నుంచి అతని చావుకు మారుతూ పోతుంది. పట్టాదారు, కౌలుదారు, వతన్‌దారు అన్న మాటలకు స్త్రీలింగ రూపం రికార్డుల భాషలో స్థిరపడనేలేదు. 'హద్దు' మాటే చూడండి. పొలానికి హద్దు ఉంటే అది ఆస్తి. ఆడదానికి హద్దు చెబితే అది కట్టడి. హద్దు మీరిందంటే మనకు వెంటనే తోచేది పొలం కాదు, ఆడమనిషే. ఈ మాటను ఆడవాళ్ళ మీద ఇంత ధారాళంగా వాడిన సమాజం, నేల మీద హద్దు గీసే పనిని మాత్రం వాళ్ళకు దూరంగా ఉంచింది.

జనగామ ప్రాంతంలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ 1940లలో తను సాగు చేసిన కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. ఆమె వంటి వాళ్ళ చరిత్రను మనం గర్వంగా చెప్పుకుంటాం. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల గొంతులను మనకు వినిపించింది. భూమి కోసం పోరాడిన స్త్రీలు మనకు తెలుసు. ఆ భూమిని తర్వాత కొలిచిందెవరు, ఎవరి పేర రాశారు అన్న ప్రశ్న మిగిలే ఉంది. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణ భూములకు ఆధార పత్రమయింది. ఎవరి పేరు పట్టాదారుగా, ఎవరి పేరు సాగుదారుగా ఎక్కిందన్నది ఆ తర్వాతి తరాల తగాదాలన్నిటికీ మూలం. ఆ పేర్లను ఎక్కించిన చేతులు పట్వారీలవి.

పుట్టుకే అర్హత అన్న సూత్రానికి మొదటి దెబ్బ కోర్టులో తగిలింది. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవిని, పాత మునసబు వంశంవాడన్న కారణంతో ఒకరికి ఇచ్చారు. పోటీలో ఉన్న గాజుల దశరథరామారావు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. వంశాన్నిబట్టి ప్రభుత్వ పదవి ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960లో కోర్టు చెప్పింది. అయినా తెలంగాణలో పట్వారీ, పటేళ్ళ వ్యవస్థ పోయింది 1984 జనవరిలో, ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతోనే. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

పదవి పోయినంత తేలిగ్గా విద్య చేతులు మారలేదు. పాత కాగితాలు పట్వారీల ఇళ్ళలోనే ఉండిపోయిన ఊళ్ళు తక్కువేమీ కాదు. టిప్పన్ చదవడం, గొలుసు లాగడం, ఏ రాయి ఎక్కడుందో చెప్పడం ఆ ఇళ్ళలో తండ్రి నుంచి కొడుకు నేర్చుకున్న విద్య. పుట్టుక అర్హత చట్టంలోంచి పోయింది గాని, అది ఇచ్చిన అనుభవం మాత్రం ఆ ఇళ్ళ మగపిల్లల దగ్గరే కొన్నాళ్ళు నిలిచింది.

అడవిలో గీసిన గీత

ఆదిలాబాద్ చరిత్ర దీనికి పక్కనే ఉన్నా వేరు. గోండులు, కొలాములు తరతరాలుగా సాగు చేసిన నేలలో అటవీ శాఖ రిజర్వు గీతలు గీసింది. పట్టా లేని సాగు ఆక్రమణ అయింది. కొలిచే మనిషి ఇక్కడ రెండు పోట్ల కత్తి. అతను రాకపోతే పట్టా లేదు, వస్తే అడవి గీత ఇంటి ముందుకు జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ప్రాణాలిచ్చింది ఈ భూమి ప్రశ్న మీదనే.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. ఆయన సలహాలతో 1940లలో ఆదివాసీలకు లావణీ పట్టాలు ఇచ్చారు. లక్ష ఎకరాలకు పైగా భూమి వాళ్ళ పేర్లకు ఎక్కింది. 1943లో మార్లవాయిలో మొదలైన శిక్షణ కేంద్రం ఇంకో పని చేసింది. గోండి వాచకాలు తయారుచేసి, గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దింది. అట్లా చదువుకున్నవాళ్ళలోంచి గ్రామాధికారులు, అటవీ ఉద్యోగులు కూడా వచ్చారు. భూమి లెక్క రాసేవాడు ఆ భూమి మీది మనిషే అయితే మోసం తగ్గుతుందన్న ఆలోచన ఇందులో ఉంది. వతను లేని సమాజానికి చదువును అర్హతగా పెట్టి, ఆ చదువును వాళ్ళ ఊళ్ళోకే, వాళ్ళ భాషలోకే తెచ్చిన ప్రయత్నం అది. ఉత్తర తెలంగాణ చరిత్రలో అర్హత గురించి ఇంత మెరుగైన ఆలోచన అంతకుముందు కనిపించదు.

దానికీ ఒక అంచు ఉంది. పట్టాలు ప్రధానంగా ఇంటిపెద్ద పేరిట, అంటే మగవాళ్ళ పేరిట వచ్చాయి. ఆ కేంద్రం నుంచి వచ్చిన ఉద్యోగులుగా చరిత్రలో మనకు తెలిసిన పేర్లూ మగవాళ్ళవే. 1970 నాటి 1/70 రెగ్యులేషన్ ఆదివాసీ భూమి బయటివాళ్ళ చేతుల్లోకి పోకుండా కాపాడాలనుకుంది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులు, ఆ పదేళ్ళలో రెండు జిల్లాలనూ కుదిపినవన్నీ భూమి చుట్టూ తిరిగినవే. వాటిలో స్త్రీలున్నారు. వాటి ఫలితంగా కదిలిన కాగితాల్లో మటుకు వాళ్ళ పేర్లు వెతుక్కోవాలి.

2006 అటవీ హక్కుల చట్టం మొదటిసారిగా హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలని రాసింది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలిచ్చింది. ఇక వారసత్వం సంగతి. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కూతురికి భూమి ఇవ్వడమా మానడమా అన్నది ఆచారానికే వదిలేశారు. 2025 జులై 17న ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, కూతుళ్ళను మినహాయించే ఆచారం ఉన్నదని రుజువు కానప్పుడు స్త్రీ వారసులకూ సమాన వాటా ఉంటుందని తీర్పు చెప్పింది. ఇక్కడి గోండు స్త్రీలకూ ఇది ఆసరాయే. ఆ ఆసరాను పట్టుకుని ఒకామె వాటా అడిగిన రోజున, మళ్ళీ మొదటి మెట్టు కొలతే. పొలం దగ్గరికి ఎవరొస్తారు, ఏ భాషలో మాట్లాడతారు?

సంఘం పంపిన సర్వేయర్లు

ఈ ప్రశ్నకు 2000లలో ఒక జవాబు దొరికింది. అది మన కళ్ళ ముందు జరిగినా చరిత్రగా రాసుకోలేదు. 2000లో వెలుగు పథకం ఆరు జిల్లాల్లో మొదలైనప్పుడు వాటిలో ఆదిలాబాద్ ఒకటి. 2003లో కరీంనగర్‌తో సహా మిగతా జిల్లాలకు విస్తరించింది. తర్వాత అదే ఇందిర క్రాంతి పథం అయింది. దాన్ని నడిపిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థలో భూమి కోసం ఒక విభాగం ఏర్పడింది. పల్లెల్లోని యువతీయువకులను ఎంచి కొందరికి భూమి చట్టాల్లో, కొందరికి కొలతల్లో శిక్షణ ఇచ్చారు. మొదటివాళ్ళను పారాలీగల్స్ అన్నారు, రెండోవాళ్ళను కమ్యూనిటీ సర్వేయర్లన్నారు.

వీళ్ళ పని పేదల భూమి సమస్యలను ఊరూరా గుర్తించడం, తహసీలు కచ్చేరీలో రికార్డు తీయించడం, పొలం కొలిచి చూడడం, దరఖాస్తు తయారుచేసి అధికారుల ముందు పెట్టడం. చెల్లుబాటయ్యే సంతకం ప్రభుత్వ సర్వేయర్‌దే. అయినా ఇందులో ఒక కొత్త సంగతి ఉంది. ఈ సర్వేయర్ మహిళా సంఘాల మండల సమాఖ్యతో కలిసి పనిచేయాలి. ఎన్ని సమస్యలు తేలాయి, ఏది ఎందుకు ఆగిందని అడిగేది సంఘంలో కూర్చున్న ఆడవాళ్ళు. వతను కాలంలో కొలిచేవాడు దొరకు జవాబు చెప్పేవాడు, 1984 తర్వాత పై అధికారికి. ఆడవాళ్ళకు జవాబు చెప్పవలసిన సర్వేయర్ ఈ నేల మీద నడిచింది ఆ కొద్ది ఏళ్ళే.

ఆ ప్రయోగం క్రమంగా పలచబడింది. అందులో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి పొలాల్లో నేర్చుకున్నదానికి గుర్తింపు పత్రం మిగల్లేదు. 2025 ప్రకటనలో కోరినది చదువు అర్హత. పాత కమ్యూనిటీ సర్వేయర్‌గా పనిచేసిన అనుభవానికి అందులో విలువ కట్టలేదు. ప్రభుత్వం ఒక చేత్తో తయారుచేసిన అనుభవాన్ని ఇంకో చేత్తో లెక్కలోంచి తీసేయడం ఇది.

లైసెన్సు ఉద్యోగం కాదు

ఇప్పటి అర్హతల్లో పుట్టుక లేదు, కులం లేదు, ఆడ మగ తేడా లేదు. ఆ మేరకు ఇది పెద్ద అడుగే. అయితే ఆడవాళ్ళకు తలుపు తెరవడం వేరు, వాళ్ళు తలుపు దాకా రాగలగడం వేరు. ఇంటర్మీడియట్ లెక్కల్లోకి వెళ్ళే ఆడపిల్ల ఎవరు? 2011 జనాభా లెక్కల నాటికి ఆదిలాబాద్ జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సగానికి కొంచెమే ఎక్కువ. ఏజెన్సీ మండలంలో పదో తరగతి తర్వాత కాలేజీ దూరమైతే మొదట ఆగేది ఆడపిల్ల చదువు. చదివినా ఏదో ఒక గ్రూపులో చేర్పించి పెళ్ళి సంబంధాలు చూసే ఇళ్ళలో లెక్కలు, సివిల్ డ్రాయింగు మగపిల్లల చదువులుగానే ఉంటాయి. డ్రాఫ్ట్స్‌మన్, చైన్‌మన్ అన్న మాటల చివర ఉన్న 'మన్' ఉత్త ప్రత్యయం కాదు.

ఇంకో తేడాను మనం గమనించడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాల కోసం 11,158 గ్రామ సర్వేయర్ పోస్టులకు నియామకాలు ప్రకటించారు. అది ప్రభుత్వ నియామకం. అందులో స్త్రీలకు మూడో వంతు రిజర్వేషన్ నియమం ఉంటుంది, జీతం ఉంటుంది, ప్రసూతి సెలవు ఉంటుంది. లైసెన్సు అట్లా కాదు. లైసెన్సు పొందిన మనిషి కొలిపించుకునేవాళ్ళిచ్చే ఫీజు మీద బతకాలి. ఫీజు వరసలు సామాజిక వర్గాలను బట్టి మూడే. స్త్రీలకంటూ విడిగా రాయితీ లేదు, సీట్ల కోటా లేదు. బండి సొంతంగా ఉండాలి. లక్షల ధర పలికే రోవర్ యంత్రం కొనుక్కోవాలి లేదా అద్దెకు తెచ్చుకోవాలి. గెట్టు తగాదా ఉన్న పొలంలో ఇరుపక్షాల మగవాళ్ళ మధ్య నిలబడి రాయి ఇక్కడే అని చెప్పాలి. ఉద్యోగికి వెనక ప్రభుత్వం ఉంటుంది. లైసెన్సు ఉన్న ఒంటరి యువతికి వెనక ఎవరున్నారు? ప్రభుత్వ పని ప్రైవేటు లైసెన్సుగా మారినప్పుడు రిజర్వేషన్లు చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. టీచర్లు, నర్సుల విషయంలో మనం చూసిన దారే ఇది.

ఏది అనుభవం?

అర్హతలో చదువుతో పాటు అనుభవం కూడా ఉంటుంది. శిక్షణ తర్వాత పొలాల్లో తిరిగిన రోజులను అనుభవంగా లెక్కిస్తున్నారు. మంచిదే. అయితే భూమితో ఆడవాళ్ళకున్న అనుభవం ఏ లెక్కలోకీ రాలేదు.

శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చాక కరీంనగర్ వరి జిల్లా అయింది. నాట్ల కాలంలో ఆడకూలీలు గుంపుగా ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుంటారు. ఎకరమని చెప్పిన మడి ఎకరంపావు ఉంటే నష్టపోయేది ఆ గుంపే. అందుకని గుంపును నడిపే ఆమెకు కళ్ళతోనే కొలత తెలియాలి. ఎన్ని నారు కట్టలు పట్టాయి, ఎన్ని సాళ్ళు వచ్చాయి, ఒడ్డు పొడవున ఎన్ని అడుగులు నడిచింది అన్నదాన్ని బట్టి ఆమె లెక్క కడుతుంది. 2006లో ఉపాధి హామీ మొదటి విడతగా వచ్చిన జిల్లాల్లో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి. ఆ పనుల్లో తవ్విన గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి కట్టేవారు. టేపు ఎటు పట్టుకుంటే కూలి ఎంత తెగుతుందో తట్ట మోసిన ప్రతి స్త్రీకీ తెలిసింది. మేట్లుగా పనిచేసిన ఆడవాళ్ళు టేపు తామే పట్టుకుని కొలతల పుస్తకం రాయడం నేర్చుకున్నారు.

చేను ఎరిగినంత మాత్రాన కోర్టులో నిలిచే పటం గీయలేం. కోణాలు, మాపులు, యంత్రాల వాడకం, పాత టిప్పన్ చదవడం నేర్చుకోవాల్సిందే. తప్పు కొలత పేదవాళ్ళనే ముంచుతుంది. అందుకే అర్హత తగ్గించమని అడగడం సరైంది కాదు. ఉన్న అనుభవం నుంచి కావలసిన అర్హత దాకా మెట్లు కట్టమని అడగాలి. మార్లవాయిలో 1943లో చేసింది అదే కదా.

కొలిచేవాళ్ళతో పాటు కొలత కబురు అందుకునేవాళ్ళ సంగతీ ఉంది. తెలంగాణకు 1958లో విస్తరించిన 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం కొలత నోటీసు రికార్డులో ఉన్న హక్కుదారుకు వెళ్తుంది. హద్దుల నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే సివిల్ దావాకు గడువు మూడేళ్ళు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో పట్టాదారు ఏళ్ళ తరబడి గల్ఫ్‌లో ఉంటాడు. బీడీలు చుడుతూ, పొలం చేయిస్తూ, అప్పు తీరుస్తూ ఇక్కడుండేది భార్య. పక్కవాడు ఒడ్డు జరిపాడని మొదట చూసేది ఆమె. నోటీసు మాత్రం అతని పేర వస్తుంది. ఆమె మోకా మీద నిలబడి అభ్యంతరం చెప్పినా రికార్డు దృష్టిలో ఆమె దారిన పోయే మనిషే. మూడేళ్ళ గడువు అతను సెలవు మీద వచ్చేలోపు గడిచిపోవచ్చు.

దీన్ని ఇంకోలా చేసిన దేశాలున్నాయి. ఆఫ్రికాలోని రువాండా 2009 నుంచి కొద్ది ఏళ్ళలోనే దాదాపు కోటి కమతాలను నమోదు చేసింది. పై చదువులు చదివిన సర్వేయర్లు అంతమంది లేరు. ఊరివాళ్ళనే కొద్దిపాటి శిక్షణతో పారా సర్వేయర్లుగా తీసుకుని, విమానం నుంచి తీసిన ఫోటోల మీద ఇరుగుపొరుగు సమక్షంలో హద్దులు గీయించారు. భార్య పేరు కూడా హక్కుపత్రంలో రాశారు. అయితే చట్టప్రకారం నమోదైన పెళ్ళిళ్ళకే ఆ రక్షణ దొరికిందని, నమోదు లేని కాపురాల్లోని స్త్రీలు బయట మిగిలారని అక్కడి స్త్రీల సంఘాలు పోట్లాడాల్సి వచ్చింది. ఊరి మనుషులు కొలిస్తే పని జరుగుతుందన్నది దాని నుంచి ఒక పాఠం. ఏ గడిలో ఎవరి పేరు రాయాలో ముందే తేల్చకపోతే మంచి కొలత కూడా స్త్రీలను మళ్ళీ బయటపెడుతుందన్నది రెండో పాఠం.

కాబట్టి మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. లైసెన్సు శిక్షణలో ఆడవాళ్ళకు కొన్ని సీట్లు, ఫీజు మాఫీ. శిక్షణ జిల్లా కేంద్రంలోనే కాక ఉట్నూరు వంటి చోట్ల కూడా. కమ్యూనిటీ సర్వేయర్లుగా, మేట్లుగా పనిచేసినవాళ్ళకు లెక్కలు, యంత్రాలు నేర్పే వారధి కోర్సు. యంత్రాలు మండల సమాఖ్యల దగ్గర అద్దెకు దొరికే ఏర్పాటు. గోండి, కొలామి తెలిసినవాళ్ళకు ఆ ఊళ్ళలో మొదటి అవకాశం. కొలత నోటీసు పట్టాదారుతో పాటు ఆ భూమి మీద బతుకుతున్న భార్యకు, వాటా ఉన్న అక్కచెల్లెళ్ళకు కూడా. ఇవేవీ చట్టాన్ని తలకిందులు చేసే కోరికలు కావు. నియమాల్లో నాలుగు వాక్యాలు చేర్చితే జరిగేవి.

వీటన్నిటికన్నా ముందు ఒక చిన్న పని చేయవచ్చు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఇప్పుడు ఎనిమిది జిల్లాలకు పైగా విడిపోయి ఉన్నాయి. వాటిలో ఏ మండలంలో ఎంతమంది స్త్రీలకు సర్వేయర్ లైసెన్సు వచ్చిందో ఆ పట్టిక బయటపెట్టమని సర్వే శాఖను అడుగుదాం. ఒక్కరూ లేని మండలాల పేర్లు ఆ పట్టికలోంచి ఏరి, అక్కడి సమాఖ్యల ముందు చదువుదాం.